ఆక్సిజన్ రేపల్లెలో దొరుకుతుంది

తెనాలి,
23 నవంబరు 2025, ఆదివారం

అత్తకి,

సుజన వందనాలు. పోయిన వారం మీ ఇంటి నుంచి వచ్చాక టెలిస్కోపు మూటలు ఇంకా పూర్తిగా విప్పనే లేదు. రైల్లో ఎదురు సీటు పెద్దాయన, టెలిస్కోపు ఒక పక్కకి ఒరగకుండా తగిలించే నా ఇనప దిమ్మల మూట చూసి, గ్యాస్ బండ రైల్లో తేకూడదమ్మా అని తెనాలి దాకా నచ్చజెబుతూనే ఉన్నాడు. టెలిస్కోపు అన్నాక ఇంకా అనుమానంగా చూశాడు.

ఈ సంగతులు ఫోన్లో చెబుదామంటే నీకు నా మాట వినపడదు. నీ కేక మాత్రం మా ఆసుపత్రిలో ఎక్స్-రే గది బయట కూర్చున్నవాళ్ళందరికీ వినపడుతుంది. చెవి మిషను పెట్టుకోమంటే ఈల వేస్తోందని సొరుగులో పడేశావు. కాబట్టి మనకి ఉత్తరాలే గతి. మీ ఎదురింటి జయకృష్ణ గారు రోజూ సీజన్ టికెట్ మీద తెనాలి మార్కెట్ యార్డులో ఉద్యోగానికి వస్తున్నంత కాలం మనకి తపాలా పెట్టెతో కూడా పనిలేదు.

అసలు సంగతి. నేను చాన్నాళ్ళుగా ఎదురుచూస్తున్న ఫిల్టర్లు వచ్చాయి. మూడు గుండ్రటి అద్దాలు, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దవి. కెమెరా ముందు పెడితే వచ్చే వెలుతురులో ఒక్క రకాన్ని మాత్రం లోపలికి పోనిచ్చి మిగతాదంతా ఆపేస్తాయి. ఒకటి హైడ్రోజన్ వెలుతురుకి, ఒకటి ఆక్సిజన్‌కి, ఒకటి గంధకానికి. రేడియోలో ఒక్క స్టేషన్ పట్టుకుని మిగతా గోల వినపడకుండా చేసుకున్నట్టు. నేను నీకు చూపిస్తుంటానే, నక్షత్రాల మధ్య మసకగా పరుచుకున్న వాయువు, నెబ్యులా, అది ముఖ్యంగా ఈ మూడు రకాల వెలుతురే ఇస్తుంది. వీధి దీపాల వెలుతురు వేరు. అంటే ఇక నడి తెనాలిలో, మా అపార్ట్‌మెంట్ డాబా మీద నుంచే, దీపాలున్నా వెన్నెలున్నా ఫొటోలు తీసుకోవచ్చు.

ఇక అమావాస్య అమావాస్యకీ చీకటి కోసం నీ మీద వచ్చి పడే పనిలేదు. పోయినసారి ఆ మోకాళ్ళతో టీ ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చావు. నిద్ర చాలడం లేదని పొద్దున నువ్వే అన్నావు. ఇక హాయిగా పడుకో. డాబా మీద టెలిస్కోపు కాళ్ళు పెట్టడానికి నేను వేసిన మూడు ఎర్ర పెయింటు గుర్తులు ఉన్నాయి చూడు, క్రిస్మస్‌కి సున్నం వేయించేటప్పుడు వాటినీ కొట్టేయించు.

ఉంటాను,
నీ సుజన


రేపల్లె,
28 నవంబరు 2025

సుజనకు,

ప్రభువు కృపలో నేను క్షేమం. నువ్వూ, బాపట్లలో మీ నాన్న అంద్రెయా క్షేమమని తలుస్తాను. వాడు సొంత అక్కకి రెండు ముక్కలు రాయడు. నీకైనా ఫోన్ చేస్తున్నాడా?

జయకృష్ణ చేతికి ఉత్తరం ఇస్తూ ఏమన్నావో నాకు తెలియదు. ఆయన మాత్రం ఎప్పటిలా పేపరు అంచు మీద రాసి చూపించాడు, "సుజన గారికి ఇక రేపల్లెతో పని అయిపోయిందంటండి" అని. కూర్చోమంటే కూర్చోకుండా వెళ్ళిపోయాడు.

ఫిల్టర్ల సంగతి అర్థమైంది. ఇన్నేళ్ళు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పినదాన్ని, ఏ రంగు దారం తీసుకోవాలో ఏది పక్కన పెట్టాలో ఆ మాత్రం తెలుసు. అక్కర్లేని గోలంతా ఆపి కావలసిన మాటే రానిచ్చే అద్దం అయితే మా చర్చి కమిటీ మీటింగుకి కూడా ఒకటి తెప్పించు.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. వెనక బసవేశ్వరరావు రొయ్యల చెరువు గట్టు మీద కొత్తగా వేయించిన లైటు వల్లేనా నువ్వు రానంటున్నది? పోయినసారి దాని వంక చూసి మొహం చిట్లించుకున్నావు. నాకు పోయింది చెవులే, కళ్ళు కాదు. లైటే కారణమైతే చెప్పు, నేను మాట్లాడతాను. ఆయన కూతుళ్ళిద్దరూ నా దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళే. నా మోకాళ్ళ సంగతంటావా, వాటి గోల అవి పడతాయి.

ఇంకో సంగతి. సెల్ టవర్ కంపెనీ వాళ్ళు వచ్చారు. ఈ వీధిలో మన డాబాయే ఎత్తట. పైన టవర్ వేసుకుంటాం ఇస్తారా అని అడిగారు. మా మేనకోడల్ని అడిగి చెబుతానన్నాను. నువ్వేమంటావు?

ఇట్లు,
మీ మేనత్త పుష్పలత

తా.క.: నీ ఫ్లాస్కు మూత ఇక్కడే ఉండిపోయింది. వచ్చినప్పుడు తీసుకో.


తెనాలి,
7 డిసెంబరు 2025

అత్తకి,

ఈ కవర్లో ఉన్న ఫొటో ముందు చూసి తర్వాత ఉత్తరం చదువు.

చూశావా? మొన్న గురువారం పున్నమి. పైన చంద్రుడు, కింద మా వీధి దీపాలు, ఎదురుగా కల్యాణ మండపం సీరియల్ బల్బులు. అంత వెలుతురులో తీసిన ఫొటో ఇది! హైడ్రోజన్ ఫిల్టరు పెట్టి తీశాను. దీని పేరు రోసెట్ నెబ్యులా, గులాబీలా రేకులు రేకులుగా ఉంటుందని ఆ పేరు. ఈ కెమెరా నలుపు తెలుపే తీస్తుంది కాబట్టి ఇలా ఉంది. ఆక్సిజన్, గంధకం కూడా విడివిడిగా తీసి మూడూ కలిపితే రంగుల ఫొటో అవుతుంది.

రేపల్లెలో ఎన్ని అమావాస్యలు జాగారం చేసినా ఇందులో సగం కూడా వచ్చేది కాదు. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

బసవేశ్వరరావు గారిని లైటు గురించి ఏమీ అనకు. దానికీ దీనికీ సంబంధం లేదు. టవర్ నిక్షేపంగా పెట్టించుకో. ఆ డాబాతో నాకిక పనిలేదు, ఊరికే ఎండకి ఎండుతోంది. మూత జయకృష్ణ గారికి ఇచ్చి పంపించు, చాలు.

నీ సుజన


రేపల్లె,
22 డిసెంబరు 2025

సుజనకు,

వందనములు. ఫొటో అందింది. ఊపిరితిత్తుల ఎక్స్-రే అనుకుని ఎవరికి ఏమైందా అని కంగారుపడ్డాను. పగలంతా ఎక్స్-రేలు తీసి ఇంటికెళ్ళి మళ్ళీ అవే తీస్తున్నావు కాబోలు. తర్వాత కిటికీ దగ్గర పెట్టి చూస్తే రేకులు కనిపించాయి. బాగుంది.

మొన్న శనివారం అమావాస్య. మధ్యాహ్నం జయకృష్ణ వచ్చి, నువ్వు తెనాలి స్టేషన్లో మూటలతో సహా కనిపించావని, రైలు కోసం చూస్తున్నావని రాసి చూపించాడు. వద్దనుకున్నదానివి చెప్పకుండా వస్తున్నావు కాబోలనుకున్నాను. మెత్తళ్ళ చేపలు తెప్పించి వేయించాను. బసవేశ్వరరావు దగ్గరికి వెళ్ళి ఆ ఒక్క రాత్రికి చెరువు లైటు తీయించాను. మొహమాటానికి తీశాడు. చీకట్లో ఆయన కాపలావాడు గట్టు మీద నుంచి జారి చెరువులో పడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు గానీ తడిసి ముద్దయ్యాడు. అప్పట్నుంచి ఆయన నన్ను చూస్తే తల తిప్పుకుంటున్నాడు.

నువ్వు రాలేదు. ఇవాళ జయకృష్ణ కనుక్కుని చెప్పాడు, నువ్వు ఎక్కింది బాపట్ల రైలని. రేపల్లె చీకటి నీకు పనికిరాలేదు, బాపట్ల చీకటి పనికొచ్చిందన్నమాట. తమ్ముడి ఇల్లు కదా, నేను కాదనేదేముంది. మెత్తళ్ళు జయకృష్ణ వాళ్ళింటికి పంపాను.

టవర్ వాళ్ళకి సరేనని చెప్పాను. పండగయ్యాక కొలతలకి వస్తారట.

క్రిస్మస్ శుభాకాంక్షలు.

పుష్పలత

మూత పంపుతున్నాను.


తెనాలి,
28 డిసెంబరు 2025

అత్తకి,

క్రిస్మస్ వందనాలు. నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాపట్ల వెళ్ళింది ఫొటోలకి కాదు. నాన్న వాళ్ళ చర్చి సండే స్కూల్ పిల్లలకి క్రిస్మస్ ముందు శనిగ్రహం చూపించమని అడిగితే ఒక్క సాయంత్రానికి వెళ్ళాను. ఈ సంవత్సరం శని వలయం మనవైపు అంచు తిప్పుకుని సన్న గీతలా ఉంది. పిల్లలు వరుసలో నిలబడి చూసి, "ఉంగరం ఏదండి?" అని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడగడమే. పైగా సముద్రపు గాలికి అద్దమంతా చెమ్మ పట్టింది.

నేను రానని ముందే రాశాను కదా. జయకృష్ణ గారు స్టేషన్లో నన్ను చూసి చెయ్యి ఊపారు, అడిగి ఉంటే చెప్పేదాన్ని. నువ్వు ఊరికే వండుకుని, ఆ కాపలాదారుణ్ణి చెరువులో పడేసి, మధ్యలో నా మీద కోపం తెచ్చుకుంటే నేనేం చేసేది? నీకు శ్రమ లేకుండా చేద్దామనే నేను రావడం మానింది. అది నీకు సంతోషమే అనుకున్నాను.

సరే, అది వదిలెయ్. రంగుల ఫొటో పంపుతున్నాను. ఇది ఇంకా చిత్తు ప్రతే. మూడు నలుపు తెలుపు ఫొటోలకి మూడు రంగులిచ్చి కలిపాను. హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, గంధకానికి ఎరుపు, ఆక్సిజన్‌కి నీలం. నిజానికి హైడ్రోజన్, గంధకం రెండూ ఎర్ర వెలుతురే ఇస్తాయి. ఉన్నవి ఉన్నట్టు ఉంచితే ఏది ఏదో తెలియకుండా కలిసిపోతాయి. అందుకని ఇలా వేరే రంగులు ఇవ్వడం ఆకాశం ఫొటోలు తీసే మాలో ఒక పద్ధతి. చూసి ఎలా ఉందో రాయి.

నీ సుజన


రేపల్లె,
6 జనవరి 2026

సుజనకు,

కొత్త సంవత్సరములో ప్రభువు నీ రాకపోకలను కాపాడునుగాక. రాకల సంగతి ఎలా ఉన్నా పోకలైనా కాపాడాలి కదా.

ఫొటో ముందు గది అద్దాల బీరువాలో పెట్టాను. ఆదివారం పాస్టరమ్మగారు వచ్చి చూసి, దేవుని సృష్టి ఎంత అందంగా ఉందో అని చాలాసేపు మెచ్చుకున్నారు. నేనూ అవునన్నాను. ఆవిడ వెళ్ళాక నీ ఉత్తరం మళ్ళీ చదివితే అసలు సంగతి బోధపడింది. ఎర్రగా ఉన్నదాన్ని ఆకుపచ్చ చేశావు. అంటే ఆవిడ మెచ్చుకున్నది దేవుని సృష్టిని కాదు, నీ పెయింటుని. ఆవిడతో అవునని నేను అబద్ధమాడినట్టయింది. నాకు మనసులో ఒకటే పీకుతోంది. ఉన్నది ఉన్నట్టు తీయడానికి కాకపోతే అంత టెలిస్కోపు ఎందుకే?

ఇంకోటి. రేకులు బాగానే ఉన్నాయి గానీ నడుమంతా నల్లగా బోసిగా ఉంది. పువ్వు కుట్టి మధ్యలో కుట్టడం మరిచిపోయినట్టు. నా దగ్గర ఏ పిల్లయినా ఇలా తెస్తే విప్పి మళ్ళీ కుట్టమనేదాన్ని. అది అంతేనా, లేక నీకు చేతకాలేదా?

టవర్ వాళ్ళు వచ్చి డాబా కొలుచుకుని వెళ్ళారు. కాగితాలు తయారవుతున్నాయట.

పుష్పలత


తెనాలి,
18 జనవరి 2026, అమావాస్య

అత్తకి,

రంగు సంగతికి జవాబు ముందు. ప్రతి ఏడూ అక్టోబరు ఆఖర్లో సంస్కరణ పండగకి నువ్వు బలిపీఠం గుడ్డ మీద మన చర్చి గుర్తు, లూథర్ గులాబీ, కుడతావు. మధ్యలో నల్ల సిలువ, దాని చుట్టూ ఎర్ర గుండె, తెల్ల రేకులు, వెనక నీలం, చుట్టూ బంగారు వలయం. అలాంటి పువ్వు ఏ తోటలో పూసిందత్తా? సిలువకి నలుపు ఎందుకు, రేకులకి తెలుపు ఎందుకు, నీలం దేన్ని చెబుతుందో సండే స్కూల్లో మాచేత వల్లె వేయించింది నువ్వే. ఏ రంగు దేనిదో ముందే చెప్పి వేసినప్పుడు అది అబద్ధం ఎలా అవుతుంది? నా ఆకుపచ్చ కూడా అంతే. ఇక్కడ హైడ్రోజన్ ఉందని చెబుతుంది.

నడుమ బోసి సంగతి మాత్రం నువ్వు సరిగ్గా పట్టుకున్నావు. అక్కడ కనిపించాల్సింది ఆక్సిజన్. అది నాకు రాలేదు. వెన్నెల్లో తీశాను, వెన్నెల పోయాక తీశాను, మా మెట్ల లైటు తీయించి తీశాను. వచ్చింది బూడిద రంగు మసక ఒక్కటే. ఆక్సిజన్ వెలుతురు నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. మా వీధి తెల్ల దీపాల్లోనూ ఆ రంగు దండిగా ఉంది, వెన్నెల్లోనూ ఉంది. ఏది నెబ్యులాదో ఏది వీధి దీపానిదో ఫిల్టరుకి తెలియదు, రెండింటినీ లోపలికి పోనిస్తుంది. హైడ్రోజన్ బాగా వచ్చేసరికి అన్నీ అలాగే వస్తాయనుకున్నాను. దీనికి నిజమైన చీకటే కావాలి.

అత్తా, ఫిబ్రవరి అమావాస్యకి ముందు శనివారం రేపల్లె రావచ్చా? ఆక్సిజన్ ఒక్కటీ తీసుకుంటే చాలు. టవర్ కాగితాల మీద సంతకం ఇంకా పెట్టకపోతే కాస్త ఆగు. పెట్టించుకోమని నేనే అన్నాను, ఇప్పుడు నేనే ఆపమంటున్నాను, ఏమనుకోకు.

నీ సుజన


రేపల్లె,
23 జనవరి 2026

సుజనకు,

గులాబీ మాటలో నువ్వే గెలిచావు. పాస్టరమ్మగారికి కూడా అలాగే చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

రెండో మాటకి వస్తాను. ఆక్సిజన్ ఒక్కటీ తీసుకుంటే చాలన్నావు. ఆ తర్వాత? ఇంకో అద్దం తెప్పించుకుంటావు, దానికి చీకటి కూడా అక్కర్లేదు. నేనేమైనా ఆక్సిజన్ కొట్టు పెట్టుకున్నానా, అయిపోయినప్పుడు వచ్చి పట్టుకెళ్ళడానికి?

ఇన్నాళ్ళూ చుట్టూ తిప్పి రాశాను. నీకు అర్థం కాలేదు కాబట్టి విప్పి చెబుతాను. నా మంచం మెట్ల గోడకి ఆనించి ఉంటుంది. నాకు తలుపు కొట్టినా వినపడదు, కుక్క మొరిగినా వినపడదు. కానీ నువ్వు మెట్లెక్కి దిగుతుంటే మంచం కోడు అదిరి నాకు తెలుస్తుంది. నువ్వు పైన టెలిస్కోపు జరిపినా తెలుస్తుంది. ఆ రాత్రుళ్ళు నాకు నిద్ర పట్టదన్న మాట నిజమే. పట్టాలని నేను కోరుకుంటే కదా. ఇంట్లో ఇంకో మనిషి ఉందని అలా పడుకుని తెలుసుకోవడం నాకు బాగుంటుంది. నువ్వేమో నా నిద్ర కోసం రావడం మానేశానని రాశావు.

టవర్ వేస్తే దాన్ని చూసుకోవడానికి నెలకోసారి మెకానిక్కు వస్తాడట, మెట్లెక్కుతాడట. ఎవరో ఒకరి అడుగు తెలుస్తుంది కదా అని సరేనన్నాను. నువ్వూ పెట్టించుకోమన్నావు. సంతకం పెట్టేశాను. వచ్చే నెల పని మొదలుపెడతారు. నీ ఆక్సిజన్‌కి వేరే డాబా చూసుకో.

పుష్పలత


తెనాలి,
26 జనవరి 2026

అత్తకి,

నీ ఉత్తరం ఆసుపత్రిలో చదివాను. ఆ తర్వాత ఒకతని కుడి చెయ్యికి బదులు ఎడమ చెయ్యి ఎక్స్-రే తీశాను. అతనే చెప్పాడు, "నొప్పి ఈ చేతికి కాదండి" అని.

నాకు తెలియలేదత్తా. మెట్లెక్కేటప్పుడు నీకు నిద్రాభంగం కాకూడదని చెప్పులు కిందే విడిచి, మునివేళ్ళ మీద నడిచేదాన్ని. నాకు తెలిసి ఉంటే దబదబా ఎక్కేదాన్ని.

టవర్ రానీ. నేను ఫిబ్రవరి 14 శనివారం సాయంత్రం బండికి వస్తున్నాను. డాబా మీద చోటు లేకపోతే పెరట్లో పెట్టుకుంటాను. పెరట్లో కొబ్బరి చెట్లు అడ్డమొస్తే అసలు టెలిస్కోపే తీసుకురాను. ఆక్సిజన్ వచ్చినా రాకపోయినా వస్తాను. ప్రతి అమావాస్యకీ నేను వచ్చింది చీకటి కోసమేనని నేనూ అనుకుంటూ వచ్చాను. ఈ రెండు నెలలూ తెనాలి డాబా మీద ఒక్కదాన్నే కూర్చుంటే తెలిసింది. ఫొటోలు బాగా వచ్చాయి, చూపించడానికి మెట్ల మీద ఎవరూ లేరు. టీ కూడా నేనే పెట్టుకుని చల్లారాక తాగాను.

నువ్వు రావద్దన్నా వస్తాను. ఈ ముక్క జయకృష్ణ గారికి నోటితో కూడా చెప్పాను, ఏ రైలో కూడా చెప్పాను.

నీ సుజన


రేపల్లె,
2 ఫిబ్రవరి 2026

సుజనకు,

ప్రభువు నామమున వందనములు. జయకృష్ణ ఈసారి పేపరు అంచు చాలక క్యాలెండరు వెనక రాశాడు, రైలు పేరు కింద గీత కూడా గీశాడు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను సంతకం పెట్టలేదు. కొలతలకి వచ్చిన రోజే వాళ్ళని పంపించేశాను. వాళ్ళతో పాటు నేనూ మెట్లెక్కాను. వాళ్ళలో ఒకతను నీ ఎర్ర పెయింటు గుర్తులు చూసి, ఇక్కడ ముందే ఎవరో మార్కింగు చేశారండి, ఇక్కడే బోల్టులు దింపుదాం అని సైగ చేసి చూపించాడు. డ్రిల్లు మిషను ఆనించి చూపించాడు కూడా. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ గుర్తులు మా అమ్మాయివి, దిగండి కిందికి అన్నాను. గట్టిగానే అని ఉంటాను, బసవేశ్వరరావు ఇంటి నుంచి కూడా మనుషులు బయటికొచ్చి చూశారు. టవరు ఇప్పుడు ఆయన మేత గోడౌను పక్కన పడుతోంది. దాంతో ఆయన నాతో మళ్ళీ మాట్లాడుతున్నాడు.

పండగకి సున్నం వేయించినప్పుడు కూడా ఆ గుర్తుల మీద బ్రష్షు పడకుండా పక్కనే కూర్చున్నాను.

మరి కాగితాలు తయారవుతున్నాయని, సంతకం పెట్టానని ఎందుకు రాశానంటే, డాబా లేకపోతే వస్తావో రావో చూద్దామని. నీ ఆకుపచ్చ రంగు గురించి అంత మాట్లాడినదాన్ని, నేను అచ్చంగా అబద్ధమే రాశాను. ఆదివారం చర్చిలో పాపపు ఒప్పుకోలు చెప్పేటప్పుడు దీన్నే తలుచుకున్నాను. కానీ నీ జవాబు చదివాక పశ్చాత్తాపం పూర్తిగా రావడం లేదు. దేవుడు చూసుకుంటాడు.

చెరువు లైటు ఆ రాత్రి తీసేస్తానన్నాడు బసవేశ్వరరావు, తనకీ ఒకసారి చూపిస్తే. కాపలావాడికి టార్చి కొనిపెట్టాను. మెత్తళ్ళకి చెప్పి ఉంచాను.

చెప్పులు వేసుకునే ఎక్కు.

నీ మేనత్త
పుష్పలత


తెనాలి,
16 ఫిబ్రవరి 2026

అత్తకి,

క్షేమంగా చేరాను. దిమ్మల మూట చూసి ఈసారి ఎవరూ గ్యాస్ బండ అనలేదు. ఒకావిడ మాత్రం కుట్టు మిషనా అని అడిగింది.

అక్కడ రెండు రోజులూ మొహం ముడుచుకుని కూర్చున్నందుకు ఏమనుకోకు. ఫిబ్రవరిలో అలా మబ్బు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. బసవేశ్వరరావు గారు పాపం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, మబ్బు చూసి వెళ్ళారు. ఆక్సిజన్ ఒక్క ఫొటో కూడా రాలేదు. పువ్వు నడుమ బోసిగానే ఉంది. మార్చి అమావాస్యకి మళ్ళీ వస్తాను. అప్పటికి ఈ నెబ్యులా పడమటికి దిగిపోతూ ఉంటుంది, పొద్దు గూకగానే తీస్తే కాస్త దొరుకుతుంది. మిగతాది వచ్చే చలికాలానికే.

ఫ్లాస్కు అక్కడే వదిలేశాను, మూతతో సహా. ఉండనీ.

నీ సుజన


రేపల్లె,
20 ఫిబ్రవరి 2026

సుజనకు,

వందనములు. ఈస్టరు ముందరి లెంటు దినాలు మొదలయ్యాయి. బలిపీఠానికి ఊదా గుడ్డ వేశాం.

మబ్బు సంగతి. దాని కోసం నేను ప్రార్థన చేయలేదు, ఆ మాట నమ్ము. పట్టాక మాత్రం స్తోత్రం చెప్పాను. నువ్వు పైన నిమిషానికోసారి లేచి మబ్బు విడిందేమోనని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నావు, చెప్పులతో. ఆకాశం బాగుంటే ఆ మిషను దానంతట అది ఫొటోలు తీసుకునేది, నువ్వు కుర్చీలో కదలకుండా కూర్చునేదానివి. నీకు ఒక్క ఫొటో రాలేదు. నాకు మంచం కోడు తెల్లవార్లూ ఊరుకోలేదు.

నడుమ బోసిగా ఉన్న ఫొటోనే ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టాను. పాస్టరమ్మగారు చూసి, మధ్యలో ఏమీ లేదేమిటని అడిగారు. ఆ ముక్క రేపల్లెలో ఉందండి, మా అమ్మాయి వచ్చి తీసుకోవాలి, చాలాసార్లు రావాలి అని చెప్పాను.

నీ మేనత్త
పుష్పలత